కోడలుండగా నీకెందుకురా?

బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. ఒడియా వాళ్లయినా తెలుగువాళ్లయినా వార్డులో నన్ను ‘బ్రదర్’ అనే పిలుస్తారు. జీతం తీసుకుని ముక్కూ మొహం తెలియని ముసలాయనకి దొడ్డికి కడిగితే ఎవరూ ఏమీ అనరు. అదే పని ఇంట్లో నాన్నకి చేస్తుంటే మావయ్య మొహం చిట్లించాడు. “కోడలుండగా నీకెందుకురా ఈ ఖర్మ?”

నాన్నకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కోడలు లుంగీ విప్పి కడిగితే ఆయనకెలా ఉంటుందో మావయ్య అడగలేదు. నా భార్య టీచరు, పొద్దున్నే బడికి పోవాలి. నేను నైట్ డ్యూటీ నుంచి వచ్చి కడిగి, పక్క మార్చి, అప్పుడు పడుకుంటాను.

దీనికి బలం కన్నా మెలకువ ముఖ్యం. రెండేసి గంటలకి ఒత్తిగిలించాలి. నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో చూడాలి. ఎర్రబడిన చోట రుద్దకూడదు. నూనె గిన్నెతో వచ్చిన పెద్దమ్మని ఆపితే ఆవిడకి కోపం వచ్చింది, రానీండి. మింగలేని మనిషిని పడుకోబెట్టి గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఇదీ చాలామందికి తెలీదు.

మావయ్యనొక్కడినే అనడం ఎందుకు? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే తండ్రికి 15 రోజులు సెలవు. 730 రోజుల చైల్డ్ కేర్ లీవు తల్లికి, లేదంటే భార్య లేని తండ్రికి. భార్య ఉంటే ఆ పని ఆమెదేనని మావయ్య నోటితో అన్నాడు, ప్రభుత్వం వాళ్లు రూల్లో రాశారు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో నూటికి 80 ఆడవాళ్లకి, 20 మగవాళ్లకి. ఆడ రోగులకి ఇబ్బంది అంటారు, నిజమే. సిస్టర్ తోడు లేకుండా నేనూ వాళ్ల దుప్పటి తియ్యను. మరి మగ వార్డులో ముసలాళ్లని కడిగేదీ సిస్టర్లే కదా, వాళ్ల సిగ్గు సంగతేంటి?

మొన్న మా వీధి ఆటో కుర్రాడు వచ్చాడు. వాళ్లమ్మా మంచం పట్టింది, చెల్లి అత్తారింట్లో ఉంది. “అన్నా, మనిషిని లేపకుండా దుప్పటి మార్చడం చూపిస్తావా?” అన్నాడు. నాన్న మంచం మీదే చూపించాను. పక్కకి తిప్పి, పాత దుప్పటి వీపు దాకా చుట్టి, కొత్తది పరిచి, ఇటు తిప్పి రెండోవైపు లాగెయ్యడమే. వాడు తొందరపడి విసురుగా లాగాడు. నాన్న ఎడమ చేత్తో వాడి చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. మళ్లీ చేయించాం.