సీడ్ పత్తి రేటు ఎవరి చేతిలో ఉంది?

"కొనేవాళ్లు సరుకు ఎలా తయారైందో చూసి కొనుక్కుంటే చాలు, కంపెనీలు అవే మారతాయి" అని ఎవరైనా అంటే నాకు గద్వాల వైపు సీడ్ పత్తి చేలు, అంటే కంపెనీల కోసం హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలు, గుర్తొస్తాయి. అక్కడ క్రాసింగ్ పని, అంటే చేత్తో పరాగసంపర్కం చేయడం, దగ్గరుండి చూశాను. మధ్యాహ్నం మొగ్గ విప్పి, గోటితో కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఒక్కో మొగ్గకీ ఇదే పని, నడుం వంచి, పురుగుమందు వాసనలో. నేను చూసిన చేలో ఆ పని చేస్తున్నది బడికి పోవాల్సిన పిల్ల.

రైతునడిగితే, "పెద్దోళ్లను పెడితే నాకేం మిగుల్తది సార్" అన్నాడు. విత్తనం రేటు కంపెనీ చెప్పిందే, మధ్యలో ఆర్గనైజర్, అంటే కంపెనీకీ రైతుకీ నడుమ ఉండే దళారి.

షాపులో చొక్కా కొనేవాళ్లకి ఇదంతా ఎలా తెలుస్తుంది? లేబుల్ మీద 100% కాటన్ అని తప్ప ఏముంటుంది? 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత బ్రాండ్లు చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకం పెట్టాకే అక్కడి ఫ్యాక్టరీల్లో గట్టి తనిఖీలు మొదలయ్యాయి. జనం, యూనియన్లు గొడవ చేయబట్టే పెట్టాయి, అదీ నిజమే. ఇక్కడా విత్తన కంపెనీల్ని అదే గట్టిగా అడగాలి: పెద్దవాళ్ల కూలి లెక్కేసి విత్తనానికి రేటు కట్టండి, అగ్రిమెంట్‌లో రాసివ్వండి.