యంత్రాల మధ్య నిలిచిపోయే కాలం

తయారీ రంగంలోకి కొత్తగా వచ్చేవారు మొదట ప్రక్రియలను నేర్చుకుంటారు. లోహాన్ని కరిగించి అచ్చులో పోయడం, ఎర్రగా కాల్చి సాగగొట్టడం, లేత్ మీద తిప్పుతూ చెక్కడం, వెల్డింగ్‌తో అతకడం, వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం వంటివన్నీ పదార్థం ఆకారాన్నో గుణాన్నో మార్చే పనులు. ఈ పనులతో పాటు యంత్రాలను, మనుషులను, సరుకును ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చే ఏర్పాట్లను, ఏది ఎప్పుడు చేయాలో తేల్చే ప్రణాళికను కలిపి చూసినప్పుడు తయారీ వ్యవస్థ కనిపిస్తుంది. ప్రక్రియలలో ఆరితేరినవారు సైతం వ్యవస్థ గురించి తక్కువగా ఆలోచించడం నేను తరచుగా గమనిస్తుంటాను.

ఒక గేర్‌నే తీసుకుందాం. ఉక్కు కడ్డీని కోసి, కాల్చి, ప్రెస్‌లో ఫోర్జింగ్ (నొక్కి ఆకారం తేవడం) చేస్తారు. లేత్ మీద టర్నింగ్ చేసి, హాబింగ్ యంత్రం మీద పళ్లు కోసి, కార్బరైజింగ్‌తో, అంటే పైపొరలోకి కార్బన్ ఎక్కించి, ఉపరితలాన్ని గట్టిపరచి, చివర గ్రైండింగ్‌తో కచ్చితమైన కొలతకు తెస్తారు. గట్టిపడిన ఉక్కును కోయడం కష్టం కనుక పళ్లు ముందే కోయాలి. గట్టిపరిచేటప్పుడు గేర్ కొద్దిగా వంకరపోతుంది కనుక గ్రైండింగ్ కోసం కొంత మందం మిగల్చాలి. ఈ క్రమాన్ని, ఈ మిగుళ్లను నిర్ణయించడమే ప్రాసెస్ ప్లానింగ్. ఇంజినీరు పరిణతి తెలిసేది ఇక్కడేనని నా నమ్మకం.

ఇదే గేర్‌ను ఏ పద్ధతిలో తయారు చేయాలన్నది ఎన్ని కావాలి, ఎన్ని రకాలు కావాలి అన్నదాన్ని బట్టి ఉంటుంది. రకాలు ఎక్కువై సంఖ్య తక్కువైతే జాబ్ షాప్ (విడి ఆర్డర్లు చేసే యంత్రశాల), రెండూ మధ్యస్థంగా ఉంటే ఒక్కో రకాన్ని కొన్నికొన్ని చొప్పున చేసే బ్యాచ్ ఉత్పత్తి, ఒకే రకం లెక్కకు మించి కావాలంటే భారీ ఉత్పత్తి. ఫోర్డ్ కంపెనీ 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్‌ను ప్రవేశపెట్టాక, 12 గంటలకు పైగా పట్టే చాసిస్ (కారు అడుగు చట్రం) కూర్పు మరుసటి ఏటికి సుమారు గంటన్నరకు దిగివచ్చింది. అయితే ప్రపంచంలోని వస్తువులలో చాలా భాగానికి అంతటి గిరాకీ ఉండదు. అవి బ్యాచ్‌లుగానే తయారవుతాయి, అసలు చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి.

బ్యాచ్ పద్ధతిలో నడిచే మెషీన్ షాపుల (యంత్రశాలల) గురించి అమెరికన్ ఇంజినీరు యూజీన్ మర్చంట్ చెప్పిన లెక్క ఒకటి ప్రసిద్ధం. భాగం షాపులో గడిపే మొత్తం కాలంలో యంత్రం మీద ఉండేది సుమారు 5 శాతమే. మిగిలిన 95 శాతం కదలికలోనూ ఎదురుచూపులోనూ పోతుంది. ఆ 5 శాతంలో కూడా నిజంగా కోత జరిగేది మూడో వంతు కన్నా తక్కువ. అంటే ఎంతో ఖర్చు పెట్టి కోత వేగాన్ని రెట్టింపు చేసినా, సరుకు బయటికి వచ్చే కాలం ఒక శాతం కూడా తగ్గదు.

ఈ నిరీక్షణకు మూలం సెటప్ కాలం. యంత్రాన్ని ఒక రకం నుంచి మరో రకానికి మార్చడానికి 120 నిమిషాలు, ఒక్కొక్క భాగానికి 2 నిమిషాలు పడతాయనుకుందాం. 10 భాగాల బ్యాచ్‌లో భాగానికి 14 నిమిషాలు పడితే, 1000 భాగాల బ్యాచ్‌లో 2.12 నిమిషాలే పడుతుంది. కాబట్టి బ్యాచ్ ఎంత పెద్దదైతే అంత లాభమని ఖర్చుల లెక్క చెబుతుంది. కానీ బ్యాచ్ మొత్తం పూర్తయ్యాకే తర్వాతి యంత్రానికి పంపితే, ఒక్కో యంత్రం దగ్గర 2000 నిమిషాలు, అంటే 33 గంటలకు పైగా గడుస్తాయి. అటువంటి యంత్రాలు ఐదు దాటేసరికి, సెటప్‌ను కలపకుండానే, 10 నిమిషాల పని ఉన్న భాగం 166 గంటలు లోపలే ఉండిపోతుంది.

సెటప్‌ను 10 నిమిషాలకు తగ్గించగలిగితే 50 భాగాల చిన్న బ్యాచ్‌లోనూ భాగానికి 2.2 నిమిషాలే పడుతుంది. జపాన్ ఇంజినీరు షిగెయో షింగో 1969లో టయోటాలో చేసి చూపినది ఇదే. నాలుగు గంటలు పట్టే 1000 టన్నుల ప్రెస్ సెటప్‌ను ఆయన మొదట 90 నిమిషాలకు, ఆ తర్వాత 3 నిమిషాలకు దించారు. యంత్రం ఆగితేనే చేయవలసిన పనులను, అది నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పనులను వేరు చేయడం ఆయన పద్ధతిలో కీలకం. కొత్త డైని (ప్రెస్‌లో బిగించే అచ్చును) ముందుగానే తెచ్చి పక్కన ఉంచడం వంటి పనులకు యంత్రాన్ని ఆపవలసిన అవసరమే లేదు. తయారీ చరిత్రలో ఇంత సరళమై ఇంత ఫలవంతమైన ఆలోచనలు అరుదు.

షాపులో ఎంత సరుకు నిలిచి ఉందో చూసి ఎంత కాలం పడుతుందో చెప్పవచ్చు. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, దీర్ఘకాలపు సగటున, లోపల ఉన్న సరుకును రోజుకు బయటికి వచ్చే సరుకుతో భాగిస్తే గడిచే కాలం వస్తుంది. లోపల 600 గేర్లు ఉండి, రోజుకు 40 బయటికి వస్తుంటే, ఒక్కో గేర్ 15 రోజులు లోపలే ఉంటున్నట్లు లెక్క. మరిన్ని గేర్లు లోపలికి తోసినంత మాత్రాన బయటికి వచ్చేవి పెరగవు. అన్నిటికన్నా నెమ్మదైన యంత్రమే ఆ సంఖ్యను శాసిస్తుంది.

అలాగని నిల్వ అంతటినీ తుడిచిపెట్టాలని నేను అనను. ఆ నెమ్మదైన యంత్రం ఒక గంట ఖాళీగా ఉంటే మొత్తం వ్యవస్థ ఒక గంట ఉత్పత్తిని కోల్పోతుంది కనుక, దాని ముందు కొంత సరుకు ఉండాలి. దానికి సరుకు అందించే వెనుక యంత్రం చెడితే బాగుచేయడానికి సాధారణంగా గంట పడుతుందనుకుంటే, భాగానికి 2 నిమిషాలు తీసుకునే ఆ నెమ్మదైన యంత్రం ముందు 30 భాగాలు ఉంచడం న్యాయం. అక్కడ 300 కనిపిస్తే, వెనుక యంత్రాన్ని అవసరానికి మించి నడుపుతున్నారని అర్థం.