శ్రీలంకలోని సిగిరియా బండ ఎక్కబోయే మన ఉమ్మడి నల్గొండ జిల్లా బ్యాచ్‌లకు

సిగిరియా బండ చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 180 మీటర్ల ఎత్తు ఉంటది. భువనగిరి ఖిల్లా ఎక్కినవాళ్లకు ఆ ఎత్తు కొత్త కాదు. అసలు కష్టం ఎత్తుతో కాదు, పది పన్నెండు మంది కలిసి ఎక్కడంతో వస్తది. దాదాపు 1,200 మెట్లు, అందులో చివరివి బండకు బిగించిన ఇరుకు ఇనుప మెట్లు. అక్కడ ఒకరు ఆగితే వెనక లైనంతా ఆగుతది.

అందుకే పోయే ముందు నెలలో ఒకటి రెండుసార్లు భువనగిరి గుట్ట ఎక్కి దిగండి. లంకకు ఏ బూట్లు వేసుకుంటరో అవే వేసుకోండి. అరిగిన బండ మీద సోలు జారుతదో లేదో అక్కడే తెలిసిపోతది. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుంటుంటే గోళ్లు కత్తిరించి, మడమ కదలకుండా లేసు బిగించండి. మర్రిగూడ, మునుగోడు దిక్కు పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు పట్టేసినవాళ్లు ఉన్నరు. వాళ్లను బలవంతంగ పైదాకా తీసుకపోవద్దు. కింద ఉన్న నీటి తోటలు (కొలనులున్న పాత తోటలు) చదును నేల మీదనే ఉంటయి, అవి చూడ్డమే ఒక పూట పని.

కొలంబో నుంచి సుమారు 170 కిలోమీటర్లు, రోడ్డు మీద నాలుగు గంటల పైనే. ముందురోజు రాత్రికే సిగిరియాలోనో దంబుల్లలోనో దిగి, పొద్దుగాల గేటు తీయంగనే లోపలికి పోవాలె. తొమ్మిది దాటితే బండ కాగుతది, బస్సుల జనం మీద పడతరు. పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి, మన దేశం ఉన్న సార్క్ కూటమి దేశాలవాళ్లకు టికెట్ ధర తక్కువ. మనిషికి లీటరు నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్ పొట్లం. పైన అమ్మేవాళ్లు ఉండరు. నవంబర్, డిసెంబర్‌లలో అక్కడ వానలు, తడిసిన ఇనుప మెట్లు బాగా జారుతయి.

నడకలో మెల్లగ నడిచేవాళ్లు ముందు, దమ్మున్నవాళ్లు వెనక. దీన్ని తిరగేస్తే ముందువాళ్లు ఉరుకుతరు, వెనకవాళ్లు వాళ్లను అందుకోబోయి ఆయాసపడతరు. సగం ఎత్తులో గుండ్రటి ఇనుప మెట్లెక్కితే గుహలో 5వ శతాబ్దపు చిత్రాలు. ఫోటోలు తీయనీయరు. 1967లో ఎవరో వాటి మీద పచ్చరంగు పూసి పాడు చేసిన్రు, అందుకే అక్కడ కాపలా. దాని తర్వాత వచ్చే అద్దపు గోడ (అద్దం లెక్క మెరిసేటట్టు సున్నం పూసిన గోడ) మీద వెయ్యేళ్ల కిందటి యాత్రికులు గీకిన సింహళ పద్యాలు ఉన్నయి. చెయ్యి ఆనించకండి, చెమటకు సున్నపు పూత చెడిపోతది.

ఆ పైన సింహం పాదాలు. ఇటుకలతో కట్టిన గోళ్లు మనిషి నడుం దాకా వస్తయి, మిగతా సింహమంతా ఎప్పుడో రాలిపోయింది. అందరూ ఇక్కడే కూసోని, నీళ్లు తాగి, మళ్లీ ఒక్కచోట కలవాలె. బండకు పెద్ద పెద్ద తేనెతుట్టెలు ఉంటయి. కేకలు, ఈలలు వద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపకుండ ముఖం కప్పుకొని కిందికి వచ్చేయాలె. కళ్లు తిరిగేవాళ్లు ఇనుప మెట్ల మీద బండ వైపే చూస్తూ, రెయిలింగ్ వదలకుండ ఎక్కాలె. వీడియోలు పైకి చేరినంకనే.

పైన కాశ్యపుని రాజభవనం పునాదులు, బండలో తొలిచిన చెరువు. 477లో తండ్రి ధాతుసేనుణ్ణి చంపి గద్దెనెక్కి, సవతి సోదరుడు మొగ్గల్లానునికి భయపడి అనురాధపురం వదిలి ఇక్కడ రాజధాని పెట్టిండు. 495 దాకనే. అంత చిన్న కాలంలో అంత పని ఎట్ల చేయించిండో పైన నిలబడితే ఆశ్చర్యమైతది.

బయటికి వచ్చే దారి వేరు. డ్రైవర్‌కు ముందే చెప్పకపోతే అలసిన కాళ్లతో మళ్లీ ముందు గేటు దాకా నడవాలె. అదే రోజు దంబుల్ల గుహలు పెట్టుకోకండి, అదీ ఎక్కుడే. మధ్యాహ్నం అవుకన బుద్ధుని దగ్గరికి పోండి. నాగార్జునసాగర్‌లోని బుద్ధవనంలో మనం చూసే శ్రీలంక బుద్ధ విగ్రహానికి అసలు రూపం అక్కడనే ఉన్నది.