సంక్రాంతికి వారం ముందు సెరెస్‌ని చూడండి

2027 జనవరి 7, గురువారం. ఆ రాత్రి అమావాస్య. సరిగ్గా ఆ రోజుల్లోనే సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం (సూర్యుడి చుట్టూ తిరిగినా పెద్ద గ్రహాల లెక్కలో చేరని చిన్న గోళం) సూర్యుడికి ఎదురుగా వస్తోంది. పండక్కి ఊరొచ్చేవాళ్ళెవరికైనా వారం ముందే రావడానికి వీలుంటే రండి, వచ్చేటప్పుడు బైనాక్యులర్స్ తెచ్చుకోండి. ఇంత ముందుగా ఎందుకు చెప్తున్నానంటే, మన గోదావరి డెల్టాలో మరుగుజ్జు గ్రహాన్ని చూడాలంటే ఆకాశంలో లెక్క కుదిరితే చాలదు, కింద రుతువు కూడా కుదరాలి. రెండూ ఒకేసారి కలిసిరావడం అరుదు. కలిసొచ్చినప్పుడు వదులుకోకూడదు.

సూర్యుడు ఒకవైపు, గ్రహం మరోవైపు, మధ్యలో మన భూమి. దీన్నే అపోజిషన్ అంటారు. అప్పుడు సూర్యుడు పడమట దిగుతుంటే గ్రహం తూర్పున లేస్తుంది, రాత్రంతా ఆకాశంలోనే ఉంటుంది, అర్ధరాత్రికి నడినెత్తి గీత దాటుతుంది. ఇందులో మన ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. దేశమంతటికీ గడియారం నడిపే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకి కొద్దిగా తూర్పుగా పోతుంది. అందుకని కోనసీమలో గడియారం పన్నెండు చూపిస్తే అది ఇంచుమించు అసలైన అర్ధరాత్రే. గుజరాత్‌లో ఉన్నవాళ్ళు ఇంకో ముప్పావుగంట ఆగాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ నేల బల్లపరుపే గానీ ఎటు చూసినా కొబ్బరి చెట్లు. దిగంతం దగ్గరుండే చుక్కలు మట్టల వెనకే మునిగిపోతాయి. అర్ధరాత్రి బాగా పైకెక్కి ఉండేదే మనకు దక్కుతుంది.

అందరూ అడిగేది ప్లూటో గురించి. 2026లో అది జూలై 27కి ఎదురొస్తుంది. లండన్ నుంచి చూస్తే ప్లూటో ఇప్పుడు పదిహేను డిగ్రీల ఎత్తుకి మించి లేవదు, మనకైతే యాభై డిగ్రీలు లేస్తుంది. ఎత్తు బాగానే ఉంది, కాని జూలై ఆఖరంటే ఆషాఢ శ్రావణాలు. గోదారికి ఎర్రనీరు వచ్చే కాలం, పైన మబ్బు విడవదు. పైగా దాని వెలుగు 14.4 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది), అంటే కనీసం పది పన్నెండు అంగుళాల టెలిస్కోపు, మంచి చీకటి కావాలి. ప్లూటో ఎదురొచ్చే తేదీ ఏటా రెండేసి రోజులు కూడా జరగదు. మబ్బులు వదిలే కార్తికానికి అది చేరేసరికి అరవై ఏళ్ళు దాటుతుంది. అప్పటికి సూర్యుడికి ఇంకా దూరమై మరింత మసకబారుతుంది. 1930లో దాన్ని కనిపెట్టిన అమెరికా ఖగోళ పరిశీలకుడు క్లైడ్ టాంబో దాన్ని ఫోటో ప్లేట్ల మీద పట్టుకున్నది జనవరి రాత్రుల్లో, అప్పుడది మిథునరాశిలో ఉండేది. ఇన్నేళ్ళలో అక్కణ్ణించి మకరరాశి దాకా జరిగి మన వానాకాలంలో చిక్కుకుంది. నాకు దీని మీద నిజంగా బెంగగానే ఉంటుంది.

మిగతా మరుగుజ్జు గ్రహాల్లో మకెమకె మార్చి ఆఖరులో, హౌమియా ఏప్రిల్‌లో, ఎరిస్ అక్టోబర్ నడుమ ఎదురొస్తాయి. మొదటి రెండిటి వెలుగు 17 దగ్గర, ఎరిస్ ఇంకా మసక. పెద్ద టెలిస్కోపుకి కెమెరా బిగిస్తే తప్ప పడవు. ఇక్కడ ఒక మాట. ఎరిస్ మనకి, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 95 రెట్లు దూరాన ఉంది. భూమి ఇటువైపున్నా అటువైపున్నా ఆ దూరం ఒకటి అటూ ఇటూ అవుతుందంతే. దానికి అపోజిషన్ అంటే రాత్రంతా పైన ఉండడం తప్ప వెలుగులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు. సెరెస్ సంగతి వేరు. అది అంగారకుడికీ గురుడికీ మధ్య తిరుగుతుంది కాబట్టి ఎదురొచ్చినప్పుడు చాలా దగ్గరికొస్తుంది, సూర్యుడికి అవతల పడ్డప్పుడు అంతకు రెట్టింపుకి పైగా దూరం పోతుంది. కాలం చూసి వెతకాల్సిన మరుగుజ్జు గ్రహం ఏదైనా ఉందంటే అది సెరెసే.

సెరెస్ సుమారు పదిహేనున్నర నెలలకోసారి ఎదురొస్తుంది. అంటే ప్రతిసారీ మూడు నెలల చిల్లర ముందుకి జరిగి ఇంకో రుతువులో పడుతుంది. 2023లో మార్చి 21, ఉగాది ముందు రాత్రి అమావాస్య, ఆకాశం కడిగినట్టుంది. ఉత్తరఫల్గుని చుక్కకి తూర్పున తీరిగ్గా చూశాను. 2024లో జూలై మొదటి వారం, వానలు. 2025లో అక్టోబర్ 2, విజయదశమి. చంద్రుడు సగం దాటి పెరిగి ఉన్నాడు, బంగాళాఖాతంలో వాయుగుండం. ఆ నెలాఖరుకే మొంథా తుపాను. పైగా అప్పుడు సెరెస్ తన కక్ష్యలో దూరపు కొస వైపు ఉంది. మనకి సుమారు 29 కోట్ల కిలోమీటర్లు, వెలుగు 7.6. 2027 జనవరికి దగ్గరి కొస వైపు వస్తోంది, దూరం 25 కోట్లకి కాస్త తక్కువ, వెలుగు 6.8 దగ్గర. 2025తో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు కాంతి. మామూలు కంటికి అందే హద్దు 6 అనుకుంటే, 10×50 (పది రెట్లు పెంచి చూపే, 50 మిల్లీమీటర్ల అద్దాలుండే) బైనాక్యులర్స్‌కి ఇది సులువే.

అమావాస్య కలిసి రావడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పౌర్ణమి చంద్రుడు కూడా సూర్యుడికి ఎదురుగానే ఉంటాడు కదా. పౌర్ణమికి ఏ గ్రహం ఎదురొచ్చినా చంద్రుడు దాని పక్కనే చేరి చుట్టూ ఉన్న సన్నచుక్కలన్నిటినీ మింగేస్తాడు. అమావాస్యకి వస్తే రాత్రంతా చీకటి మనదే.

ఇక వెతకడం. మిథునరాశిలో పునర్వసు జంట చుక్కలున్నాయి కదా, క్యాస్టర్, పొలక్స్. వాటిలో ఉత్తరంగా ఉండే క్యాస్టర్‌ని బైనాక్యులర్స్‌లో పెట్టుకుని కాస్త పడమటికి జరపండి. అర్ధరాత్రికి నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటుంది, కాబట్టి నులకమంచం మీద వెల్లకిలా పడుకుని చూస్తేనే మెడకి సుఖం. సెరెస్ అడ్డుకొలత 940 కిలోమీటర్లే, బిళ్ళలా కనిపించదు, చుట్టూ ఉన్న చుక్కల్లో ఒక చుక్క. పోల్చుకోవడానికి ఒకటే దారి. కనిపించిన చుక్కలన్నీ కాగితం మీద పెన్సిలుతో వేసుకుని, మర్నాడు అదే వేళకి మళ్ళీ వేసుకోవాలి. సెరెస్ రోజుకి పావు డిగ్రీ దాకా జరుగుతుంది, అంటే చంద్రబింబంలో దాదాపు సగం వెడల్పు. జరిగేది కూడా వెనక్కి, పడమటికే. ఏటిగట్టు మీద బస్సులో పోతూ సైకిలుని దాటుతుంటే సైకిలు వెనక్కి పోతున్నట్టుంటుంది చూడండి, లోపలి కక్ష్యలో జోరుగా పోయే భూమి దాన్ని దాటేటప్పుడు అలాగే అవుతుంది.

మాకు సఖినేటిపల్లి వైపు రొయ్యల చెరువులున్నాయి. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి అర్ధరాత్రి నుంచి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకుంటూ మెలకువగా ఉండడం మాకలవాటే. 2023లో మేత లెక్కల పుస్తకం వెనక పేజీలో గుండ్రం గీసి చుక్కలు వేస్తుంటే, కాపలా ఉండే పెద్దాయన "ఏటండీ అంతలా రాత్తన్నారు, చుక్కలెక్కడికన్నా పోతాయేంటండీ?" అన్నాడు. మర్నాడు ఆయన్నే చూడమని బైనాక్యులర్స్ చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. పుస్తకం అడిగి తీసుకున్నాడు, టార్చి ఎర్రకాగితం మీదుగా వేసుకుని మళ్ళీ చూశాడు. "నిన్న ఈ రెండిటి మజ్జిన ఉందండి. ఇయ్యాల ఇటేపు జరిగిందండి" అని వేలితో చూపించాడు. 1801 జనవరి 1 రాత్రి ఇటలీలోని పలెర్మోలో పియాజీ అనే ఖగోళ పరిశీలకుడు ఒక చుక్కని గుర్తు పెట్టుకుని, మర్నాటికి అది జరిగిందని గమనించి సెరెస్‌ని కనిపెట్టాడు. మా పెద్దాయన చేసిందీ ఆ పనే, కంటితోనూ పెన్సిలు గుర్తుతోనూ.

చోటు విషయానికొస్తే, చెరువుల మీది లైట్లకి దూరంగా, కోతలయిపోయిన చేల మధ్యగానీ కాలవగట్టు మీదగానీ కూర్చోండి. రెండు దాటాక మంచు దట్టంగా దిగుతుంది, కాబట్టి పదకొండుకే మొదలుపెట్టి పన్నెండున్నరకి ముగించడం మంచిది. అద్దాలకి చెమ్మ పడితే పంచెతో తుడవకండి, గీతలు పడతాయి, మెత్తటి పొడిబట్ట ఉంచుకోండి. భోగి నాటికి చంద్రుడు సగానికి పెరుగుతాడు, అర్ధరాత్రికి అస్తమిస్తాడు. పండగ రోజుల్లోనే కుదిరేవాళ్ళు ఆయన దిగాక చూసుకోవచ్చు. ఈసారి తప్పితే మళ్ళీ 2028 వేసవే.