ఏ కథ దగ్గర గొంతు పెంచాలి?

"అల్లూరి సీతారామరాజు ఎవరి మీద తిరగబడ్డాడో, వాళ్ళ తరఫునే కదా నాన్నా వీళ్ళు చనిపోయింది! మరి ఇద్దరికీ దండం పెట్టమంటావేంటి?" అని మా పదమూడేళ్ళ అమ్మాయి మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున చనిపోయిన మన సైనికుల కోసం ఫ్రాన్సులో కట్టిన నవ్ షపెల్ భారతీయ స్మారకం ముందు నన్ను నిలదీసి, యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టమని నేను చేతికిచ్చిన పాపీ పూల దండను పెట్టనంది.

స్కూలు వాళ్ళు యుద్ధభూములు చూపించినప్పుడు మన సైనికుల ఊసే ఎత్తలేదని తెలిసి, సెలవుల్లో పట్టుబట్టి లండన్ నుంచి కారు తీసింది నేనే. 1915 మార్చి 10 ఉదయం 35 నిమిషాల ఫిరంగి దాడి ఆగగానే, గఢ్వాలీ, గూర్ఖా పటాలాలు ఈ చదును పొలాల మీదుగా జర్మన్ కందకాల మీద పడ్డాయి. 19 ఏళ్ళ గబ్బర్ సింగ్ నేగీ, తన నాయకుడు కూలిపోగా దళాన్ని తానే ముందుకు నడిపించి, అక్కడే ప్రాణం విడిచాడు; బ్రిటన్ ఇచ్చే అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఆ తరువాత వచ్చింది. సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఆ గోడల మీద రెజిమెంట్ల వారీగా చెక్కి ఉన్నాయి. పంజాబు, గఢ్వాల్, నేపాల్ వాళ్ళే పోరాట జాతులని నమ్మి ఆనాటి ప్రభుత్వం సైన్యంలో ఎక్కువగా వాళ్ళనే చేర్చుకునేదని తెలిసి కూడా, ఒక్క నాయుడైనా దొరకడా అని ఆ రాళ్ళ మీద వేలు పెట్టి వెతికాను.

స్తంభం మీది తామరపువ్వును చూసి నేను మురిసిపోతుంటే, దాని పైనున్న బ్రిటిష్ కిరీటాన్ని మా అమ్మాయి చూపించింది. అల్లూరి సీతారామరాజును ఆ ప్రభుత్వం కాల్చి చంపింది 1924 మేలో. ఈ స్మారకాన్ని ఆవిష్కరించింది 1927 అక్టోబరులో. పౌరసత్వం పుచ్చుకున్న రోజున అదే కిరీటానికి విధేయుడినని నేను ప్రమాణం చేసిన ఫోటో మా హాల్లోనే వేలాడుతోంది.

పిల్లలకు చరిత్రను రెండు వైపుల నుంచీ చెప్పాలని మిత్రులకు సలహాలిచ్చే నాకు, అక్కడ ఒక వైపు నుంచి కూడా సరిగా చెప్పడం చేతకాలేదు. ఆ సిపాయిలు నెలకు 11 రూపాయల జీతానికి వచ్చినవాళ్ళని చెప్పబోయి, నువ్వూ జీతానికే కదా వచ్చావంటుందేమోనని ఊరుకున్నాను.

మా చిన్నవాడికి ఇప్పుడు రాత్రుళ్ళు అల్లూరి కథ చెప్పించుకునే వయసు వచ్చింది. గబ్బర్ సింగ్ కథా చెప్పాలనే ఉంది గానీ, ఏది ముందు చెప్పాలో, ఏ కథ దగ్గర గొంతు పెంచాలో నాకింకా తేలలేదు.