చివరి మడి పేరున అర్చన

2022 కార్తీక మాసంలో ఒక సోమవారం మా అమ్మను వెంటబెట్టుకొని పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లాను. మా ఊరి సర్పంచ్‌గా అది నాకు నాలుగో ఏడు. ఆ వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకింది, వడ్లు కల్లానికి చేరాయి, యాసంగి పంటకు చెరువు తూము ఎత్తి నీళ్లు వదిలే రోజు దగ్గరపడుతోంది. మొక్కు ఉన్నదని, తూము ఎత్తకముందే తీర్చాలని అమ్మ పట్టుబట్టింది. ఏం మొక్కో నేను అడగలేదు.

తెల్లవారుజామున హనుమకొండలో దిగి, 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో దీపాలు వెలిగించి, జనం పెరగకముందే ములుగు బస్సు ఎక్కాము. అమ్మ కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంటే నా మనసు మాత్రం గడిచిన యాసంగి చుట్టే తిరిగింది.

మా ఊళ్లో కట్ట మైసమ్మకు కొబ్బరికాయ కొట్టిన తరువాతే తూము ఎత్తుతారు. ఆ పైన చెరువు నీళ్లు పంచే నీరటి వంతుల ప్రకారం మడిమడికీ నీళ్లు పారిస్తాడు. ఆ ఏడు కాయ కొట్టింది నేనే. మార్చిలో చెరువు అడుగంటుతున్నప్పుడు, వంతు తప్పించి మా బామ్మర్ది పొలానికి రెండు రాత్రులు నీళ్లు పెట్టమని నీరటికి చెప్పిందీ నేనే. ఆయకట్టు చివరన ఉన్న రైతుకు పొట్ట మీద ఉన్న వరి ఇరవై గుంటలు ఎండిపోయింది. ఆయన పంచాయతీకి రాలేదు, ఎవరితోనూ గొడవపడలేదు. దారిలో ఎదురైతే ఎప్పటిలాగే "నమస్తే సర్పంచ్ సాబ్" అనేవాడు. ఆ నమస్తే నన్ను ఎండిన మడి కంటే ఎక్కువగా బాధపెట్టింది.

జంగాలపల్లిలో దిగి ఆటోలో పాలంపేట చేరేసరికి ఎండ ఎక్కింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి యాత్రికులు పెరిగారు. అందరూ ఈ గుడి గోపురానికి వాడిన, నీళ్ల మీద తేలే ఇటుకల గురించే మాట్లాడుకుంటున్నారు. నేను నంది ముందు ఆగిపోయాను. గంటలు, పట్టెడలు చెక్కుచెదరకుండా కనిపించే ఆ నంది చెవులు రిక్కించి, స్వామి పిలిస్తే ఆ క్షణమే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. కూర్చున్నా దాని ధ్యాస అంతా లోపలి గర్భగుడి మీదే ఉంది.

ప్రాంగణంలో చిన్న మండపం కింద 1213 నాటి శాసన స్తంభం ఉంది. ఈ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు రాజు కాడు, సేనాని. దేవగిరి యాదవ రాజులతో యుద్ధంలో కాకతీయ రాజు మహాదేవరాజు మరణించి, ఆయన కొడుకు గణపతిదేవుడు శత్రువుల చేత చిక్కినప్పుడు, సింహాసనం ఖాళీగా ఉండి సైన్యం తన చేతిలో ఉన్న ఆ రోజుల్లో రాజ్యాన్ని చెదరకుండా కాపాడినవాడు రుద్రుడు. గణపతిదేవుడు తిరిగివచ్చాక రాజ్యాన్ని ఆయనకే అప్పజెప్పి తాను సేనానిగానే ఉండిపోయాడు. ఆ తరువాతే ఈ గుడి లేచింది, దేవుడు రుద్రేశ్వరుడయ్యాడు. ఇంత అందమైన శిల్పం చెక్కించడం గొప్పదే, కానీ తనది కాని రాజ్యాన్ని తనది చేసుకోకపోవడమే రుద్రుడు శివుడికి చేసిన మొదటి పూజ అని నాకు అక్కడ నిలబడ్డప్పుడు గట్టిగా అనిపించింది. నాకు అప్పజెప్పింది రాజ్యం కాదు, ఒక తూము. దాన్ని కూడా నేను రెండు రాత్రులు నా ఇంటిది చేసుకున్నాను.

లోపల నల్లరాతి స్తంభాల నునుపు మీద దీపం వెలుగు కదులుతోంది. పూజారి గోత్రనామాలు అడిగాడు. అమ్మ మా అందరి పేర్లూ చెప్పి, ఒక్క నిమిషం ఆగి, ఆ చివరి మడి రైతు పేరూ, ఆయన భార్య పేరూ, ఇద్దరు బిడ్డల పేర్లూ చెప్పింది. గోత్రం తెలియదని, శివగోత్రం అనుకోమని బతిమాలింది. పూజారి అందరి పేర్లూ చదివి అర్చన చేశాడు. నేను తల ఎత్తలేకపోయాను.

బయటికి వచ్చి రామప్ప చెరువు కట్ట మీద కూర్చున్నాము. ఎదురుగా నిండు నీళ్లు. "ఎప్పటి నుంచి తెలుసమ్మా?" అని అడిగాను.

"తూము నీళ్లు ఎటు పారినయో ఊరికంతా తెల్వదా బిడ్డా. నువ్వే చెప్తవని చూసిన" అన్నది.

తిరిగివచ్చిన మర్నాడు నా కల్లంలోంచి ఇరవై గుంటల పంటకు సరిపడే వడ్లు కొలిపించి ఆ రైతు ఇంటికి తీసుకుపోయాను. జరిగింది నా నోటితోనే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వడ్లు దింపించుకున్నాక, ఈసారి వంతు ఎట్లా ఉంటుందని మాత్రం అడిగాడు.

తూము ఎత్తే రోజు ఊరి పెద్దల ముందు ఆ వంతు కాగితం చదివాను. మొదటి తడి చివరి మడి నుంచి మొదలవుతుందని, మా బామ్మర్ది పొలానిది ఆఖరి వంతని నీరటికి చెప్పాను. మైసమ్మ ముందు కొబ్బరికాయ నేను కొట్టలేదు, ఆ చివరి మడి రైతు చేతికిచ్చాను. ఆయన కాయ కొట్టి, ఒక చిప్ప మైసమ్మ దగ్గర పెట్టి, రెండో చిప్ప మా అమ్మకు ఇచ్చి, పార భుజాన వేసుకొని కాలువ వెంట నీళ్లకు ముందుగా నడిచాడు.