36 గంటలు, ఒక పేషెంట్ నంబరు

రాత్రి రైల్లో నాకు కంటిమీద కునుకు లేదు. మా ముగ్గురికీ ఇదే మొదటి హ్యాకథాన్, అంటే గడువులోపు టీముగా ప్రోగ్రాం రాసి సమస్య తేల్చే పోటీ. కింది బెర్తులో మా జూనియర్ ల్యాప్‌టాప్ బ్యాగు తలకింద పెట్టుకుని పడుకుంది. అక్కడ నెట్ ఎలా ఉంటుందోనని నా రూమ్మేట్ పాండాస్, సైకిట్-లెర్న్, లైట్‌జీబీఎం లాంటి డేటా టూల్స్ అన్నీ ముందే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకున్నాడు. ఆ జాగ్రత్తే మమ్మల్ని కాపాడింది. మొదటి గంటలో అందరూ ఒకేసారి డౌన్‌లోడ్లు మొదలుపెట్టేసరికి హాల్లో వైఫై దాదాపు ఆగిపోయింది.

పొద్దున్నే దిగి, బస్సెక్కి క్యాంపస్ చేరాం. పది గంటలకు సమస్య ఇచ్చారు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినవాళ్లలో 30 రోజుల్లోపు ఎవరు మళ్లీ చేరతారో ముందే చెప్పాలి. గడువు 36 గంటలు. డేటాలో పేర్లు లేవు, పేషెంట్‌కో నంబరు ఉంది.

వందలో తొమ్మిది మందే తిరిగి చేరుతున్నారు. "ఎవరూ రారు" అని గుడ్డిగా చెప్పేసినా యాక్యురసీ 91 శాతం వస్తుంది! అందుకే మార్కులు ఎఫ్1 స్కోరుకి పెట్టారు. తిరిగొచ్చేవాళ్లలో ఎంతమందిని పట్టుకున్నామో, వస్తారని మేం చెప్పినవాళ్లలో నిజంగా ఎంతమంది వచ్చారో, రెండూ అందులో లెక్కకొస్తాయి. 1 వస్తే అంతా సరిగ్గా చెప్పినట్టు.

సాయంత్రానికి, మాకిచ్చిన డేటాలో కొంత పక్కన పెట్టి మేమే పరీక్షించుకుంటే మా స్కోరు 0.71. ఎగిరి గంతేశాం. సబ్మిట్ చేస్తే టీముల స్కోర్లు చూపించే లీడర్‌బోర్డులో 0.43 చూపించింది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. కోడ్ మూడుసార్లు తిరగేసినా తప్పు కనిపించలేదు. రాత్రి పదకొండు దాటాక జూనియర్ స్క్రీన్ నావైపు తిప్పింది.

"అన్నా, 4172 నంబరు చూడండి. ఒకే మనిషి ఏడుసార్లు ఉన్నాడు."

ఏడు వరుసలు, చేరిన ప్రతిసారికీ ఒకటి. అదే వయసు, అవే జబ్బుల కోడ్లు. మేం డేటాని 80-20గా అడ్డదిడ్డంగా విడగొట్టాం కదా, అతని వరుసల్లో ఐదు మోడల్‌కి నేర్పే ట్రైనింగ్ భాగంలోకి, రెండు పరీక్షించుకునే భాగంలోకి వెళ్లాయి. మోడల్ జబ్బు తీరు నేర్చుకోలేదు, మనిషిని గుర్తుపెట్టుకుంది. అసలు టెస్టులో అందరూ మాకిచ్చిన డేటాలో లేని పేషెంట్లే. వెంటనే గ్రూప్ కే-ఫోల్డ్ అనే విడగొట్టే పద్ధతికి మారి, ఒక మనిషి వరుసలన్నీ ఒకేవైపు ఉండేలా చేశాం. స్కోరు 0.44కి పడింది. మా లెక్కా లీడర్‌బోర్డూ కలిసినందుకు ఆ రాత్రి అందరికంటే సంతోషపడింది నేనే.

అక్కడి నుంచి పని నిజంగా ముందుకు సాగింది. గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు చేరారన్న ఒక్క కాలమ్ బాగా పనికొచ్చింది. అయితే ఒక్కో డిశ్చార్జి తేదీకి ముందు జరిగిన చేరికలనే లెక్కపెట్టాలి, లేకపోతే భవిష్యత్తు లోపలికి జొరబడుతుంది. తిరిగొచ్చే అవకాశం ఎంత దాటితే "వస్తారు" అనాలో చెప్పే కటాఫ్‌ని 0.5 నుంచి 0.24కి దించితే స్కోరు ఇంకాస్త పెరిగింది. పన్నెండు మోడళ్లు కలిపేద్దామని రూమ్మేట్ పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. 2009లో పది లక్షల డాలర్ల నెట్‌ఫ్లిక్స్ బహుమతి (సినిమా రేటింగుల్ని ముందే చెప్పే పోటీ) గెలిచిన భారీ మోడళ్ల మిశ్రమాన్ని ఆ సంస్థే పూర్తిగా వాడుకోలేదు, ఆ కాస్త మెరుగుదలకి అంత శ్రమ తగదనుకుంది. మేం రెండు మోడళ్ల దగ్గరే ఆగాం.

లీడర్‌బోర్డు స్కోరు టెస్టు డేటాలో 30 శాతం మీదే లెక్కేస్తారు. మిగతా 70 శాతం చివర్లో తెరుస్తారు. తెరిచాక 23వ స్థానం నుంచి ఆరుకి వచ్చాం. పైన ఉన్న కొన్ని టీములు బాగా కిందికి జారాయి. పాపం, రాత్రంతా ఆ 30 శాతాన్నే చూస్తూ మార్పులు చేశారు వాళ్లు.

ప్రెజెంటేషన్‌లో జడ్జీల్లో ఉన్న డాక్టరుగారు ఒకే ప్రశ్న వేశారు. "మొదటిసారి చేరినవాళ్ల సంగతేంటి బాబూ? వాళ్లకి పాత చేరికలు ఉండవు కదా?" ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆరో స్థానం కంటే నాకు ఆ ప్రశ్నే విలువైనది. మూడు వారాల్లో మళ్లీ మంచమెక్కే మనిషిని మేం ఒక్కసారి కూడా విడిగా చూడలేదు.

తిరుగు రైల్లో ల్యాప్‌టాప్‌లో 14 శాతం చార్జింగ్ మిగిలింది. మొదటిసారి చేరినవాళ్లని వేరుచేసి రికాల్, అంటే తిరిగొచ్చినవాళ్లలో మేం పట్టుకున్న వాటా, లెక్కేశాం. 0.19 వచ్చింది. తిరిగి చేరిన వందమందిలో 81 మందిని వదిలేశాం. జూనియర్ ఆ అంకె నోటుబుక్కులో రాసుకుని, కింద గీత గీసి, "డిశ్చార్జి రోజు ఇచ్చిన మందుల సంఖ్య వాడి చూద్దామా అన్నా?" అంది. రూమ్మేట్ అప్పటికే ఆ ఫైల్ తెరుస్తున్నాడు.